మాస్టారి ఇంగ్లీషు

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరారు. మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు. ఆయన తప్ప అందరూ ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలే.

కొడుకు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. మనవరాలికి తెలుగు రాదు. ఫోన్ చేస్తే "హాయ్ తాతా" అని, వెంటనే వాళ్ల నాన్న చేతికిచ్చేస్తుంది. ఎండాకాలం పోయాక మాస్టారూ భార్యా అక్కడికి వెళ్తున్నారు. ఈలోగా నాలుగు ముక్కలు పట్టుకోవాలి. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ఎప్పుడో చదివిందే. రానిదల్లా నోరు. కొడుక్కి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. వెళ్లాక తెలుస్తుందిలే అనుకున్నారు.

మొదటి చిక్కు మాటల వరసతో వచ్చింది. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది. ముందున్న మాటలు అటూ ఇటూ జరిగినా అర్థం చెడదు. ఇంగ్లీషులో కర్త పక్కనే క్రియ ఉండాలి. ప్రశ్న అడిగేటప్పుడు సహాయక క్రియ కర్తను దాటుకుని ముందుకు రావాలి. మాస్టారు "వేర్ యూ ఆర్ గోయింగ్?" అనేవారు.

"'ఆర్ యూ' అనాలి మాస్టారూ," అని టీచరమ్మ దిద్దేది.

"కూడికలో అంకెల వరస మారినా మొత్తం మారదమ్మా."

"ఇది తీసివేత అనుకోండి."

రెండో చిక్కు ఫ్రేజల్ వెర్బులు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే మానేయడం. 'టర్న్ ఆఫ్ ద లైట్' అన్నా ఒప్పే, 'టర్న్ ద లైట్ ఆఫ్' అన్నా ఒప్పే. లైట్ బదులు 'ఇట్' వస్తే మాత్రం అది మధ్యలోనే ఉండాలి. 'టర్న్ ఇట్ ఆఫ్' ఒప్పు, 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పు. సర్వనామం మధ్యలో అని మాస్టారు నోట్‌బుక్‌లో రాసుకుని చుట్టూ గడి కట్టారు.

వారం తిరక్కుండానే మినహాయింపు వచ్చింది. పుట్ అప్ విత్. అంటే భరించడం. ఇది విడిపోదు. సర్వనామం ఏదైనా చివరికే పోవాలి.

"దీని మధ్యలో ఎవరికీ చోటు లేదన్నమాట," అన్నారు మాస్టారు. వాక్యం రాసుకురమ్మంటే 'మై వైఫ్ పుట్స్ అప్ విత్ మీ' అని రాసుకెళ్లారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

రాత్రిళ్లు వంటింట్లో సాధన. పాలు పొంగుతుంటే "టర్న్ ఇట్ ఆఫ్" అనేవారు. భార్య ఆ మాటలకు కాక, పాలను చూసి స్టవ్ కట్టేసేది. మనవరాలితో అనాల్సిన మొదటి వాక్యం కూడా సిద్ధమైంది: 'షల్ వుయ్ గో అవుట్ అండ్ ప్లే?' విమానంలో దాన్నే వల్లె వేసుకుంటూ కూర్చున్నారు.

డాలస్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారి ఆరు నెలలు ఉండొచ్చన్నాడు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా దొరికే గడువు అదే.

మనవరాలు కారులోనే నిద్రపోయింది. రాత్రి భోజనాల దగ్గర కొడుకూ కోడలూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. మాస్టారు తల వంచుకుని అన్నం కలుపుతూ విన్నారు. ప్రతి ముక్కా తెలుస్తోంది. సందు దొరికితే ఓ వాక్యం విసిరి ఇద్దర్నీ అదరగొడదామని లోలోపలే మాటలు పేర్చుకుంటున్నారు.

కొడుకు నెయ్యి గిన్నె అందుకుని తండ్రి కంచంలో వడ్డించాడు. వడ్డిస్తూనే, నవ్వు మొహంతో, భార్యతో అన్నాడు.

"సిక్స్ మంత్స్! హౌ ఆర్ వుయ్ గోయింగ్ టు పుట్ అప్ విత్ దెమ్?"

సహాయక క్రియ కర్తకు ముందే ఉంది. సర్వనామం చివర్నే ఉంది.

"ఏమంటున్నాడండీ?" అని అడిగింది మాస్టారి భార్య.

"నెయ్యి చాలా అంటున్నాడు."

మాస్టారు కంచంలో మెతుకు మిగల్చకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి కొడుకు ఎదురుగా కూర్చున్నారు.

"వెన్ కెన్ యూ సెండ్ అస్ బ్యాక్?"

ఆ ఇంట్లో మాస్టారు మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది. ఒక్క తప్పూ లేదు.