ఎర్రగడ్డకు కుల ధ్రువీకరణ పత్రం

కడప జిల్లాలో కేపీ ఉల్లి అని ఒక పంట ఉంది. పూర్తి పేరు కృష్ణాపురం ఉల్లి. మైదుకూరు చుట్టుపక్కల పండిస్తారు. గడ్డ బాగా చిన్నది, రంగు ముదురు గులాబీ, ఘాటు మరీ ఎక్కువ. సంగట్లోకి నంజుకోవాలన్నా, పులుసులో వేసుకోవాలన్నా మనవాళ్లు దాని జోలికి పెద్దగా పోరు. అర కిలో ఒలిచేసరికి పొద్దు గుంకుతుంది మరి. మలేసియా, సింగపూర్, థాయిలాండ్, హాంకాంగ్ వాళ్లకు మాత్రం అదంటే ప్రాణం. అంటే ఊళ్లో అమ్ముడుపోని సరుకును పండించి, సముద్రం దాటించి, దేశానికి డాలర్లు తెచ్చిపెట్టే మనిషన్నమాట ఈ కడప రైతు. సబ్సిడీ అడగలేదు, ప్రత్యేక ఆర్థిక మండలి అడగలేదు, విదేశీ పర్యటనకు ఏ మంత్రినీ పంపమనలేదు. వెనకబడిన దేశాలు ఎగుమతులతోనే పైకి రావాలని లావుపాటి పుస్తకాలు రాసినవాళ్లంతా దుర్భిణీ పెట్టి వెతికేది ఇలాంటివాడి కోసమే.

మన ప్రభుత్వానికి అతను దొరికాడు. దొరకగానే గేటు వేసేసింది.

ఆ గేటు కథ చెప్పుకునే ముందు దాని మీద రాసిన స్వాగత వాక్యం చదవాలి. 2018 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం వ్యవసాయ ఎగుమతి విధానాన్ని ఆమోదించింది. 3,000 కోట్ల డాలర్ల పైచిలుకు ఎగుమతుల్ని 2022 కల్లా 6,000 కోట్ల డాలర్లకు చేరుస్తామన్నారు. వాణిజ్య విధానం మాటిమాటికీ మారకూడదని, నిలకడగా ఉండాలని కూడా చెప్పారు. పట్టుమని పది నెలలు కాలేదు, 2019 సెప్టెంబరు 29న ఉల్లి ఎగుమతి మొత్తం నిషేధం. ఢిల్లీలో ధర మండుతోంది కాబట్టి దేశంలోని ప్రతి ఉల్లిగడ్డా దేశసేవకు కట్టుబడి ఇక్కడే ఉండాలి. ఢిల్లీవాళ్లు పేరైనా వినని కేపీ ఉల్లి కూడా ఉండాలి. మైదుకూరులో లోడెత్తిన గడ్డను ఆపేస్తే చాందినీ చౌక్‌లో ధర ఎలా దిగుతుందో అడగడం మర్యాద కాదు.

మర్యాద తెలిసినవాళ్లు నవ్వి ఊరుకున్నారు. నిషేధం పడిన వారానికి ఢిల్లీ వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఇకనుంచి ఉల్లి లేకుండానే వండమని వంటవాడికి చెప్పేశానన్నారు. ముందుగా ఒక మాట చెబితే వేరే చోట తెచ్చుకునేవాళ్లం కదా అని కూడా అన్నారు. కొనేవాడికి ముందుగా చెప్పాలన్న పద్ధతి సంతలో కొత్తిమీర అమ్మే అవ్వకు కూడా తెలుసు. ఆ డిసెంబరులో లోక్‌సభలో చర్చ సాగుతుంటే మీరు ఉల్లి తింటారా అని ఎవరో మధ్యలో అందుకున్నారు. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, మన ఆంధ్రా కోడలే, తాను ఉల్లి, వెల్లుల్లి పెద్దగా తిననని, అలాంటి కుటుంబం నుంచే వచ్చానని బదులిచ్చారు. నయం, తిననివాళ్లు కాబట్టి పక్షపాతం ఉండదు.

అదే సీజనులో ఇంకో ఘనకార్యం కూడా జరిగింది. ప్రభుత్వ వ్యాపార సంస్థ ఎంఎంటీసీ చేత టర్కీ నుంచి, ఈజిప్టు నుంచి ఉల్లి తెప్పించారు. రుచీ పచీ లేదని రాష్ట్రాలు తీసుకోలేదు. గడ్డలు నిల్వల్లోనే మురిగాయి. ఇక్కడ తినని గడ్డను బయటికి పోనివ్వలేదు, ఇక్కడ తినని గడ్డనే బయటి నుంచి రప్పించారు. దీన్ని వాణిజ్య సమతుల్యం అంటారు కాబోలు.

చివరికి ఢిల్లీకి జాలి కలిగింది. 2020 ఫిబ్రవరిలో కేపీ ఉల్లిని మాత్రం మార్చి నెలాఖరు దాకా 10,000 టన్నులు పంపుకోండి అన్నారు. మార్చిలో నిషేధమే ఎత్తేశారు. హమ్మయ్య అనుకునే లోపల సెప్టెంబరు 14న మళ్లీ నిషేధం. మర్నాడు, అంటే 15న, లోక్‌సభ నిత్యావసర సరుకుల చట్ట సవరణను ఆమోదించింది. ఉల్లి, బంగాళాదుంప లాంటి సరుకులకు మామూలు రోజుల్లో సంకెళ్లు ఉండవని, రైతుకు స్వేచ్ఛ వచ్చిందని బల్లలు చరిచారు. నిన్న కాళ్లు కట్టేసి ఇవ్వాళ రెక్కలు ఇచ్చారన్నమాట. మరుసటి నెలలోనే అదే ఉల్లి నిల్వలకు మళ్లీ పరిమితులు పెట్టారు.

అక్టోబరు 9న కడపకు మళ్లీ 10,000 టన్నుల ప్రసాదం అందింది. ఈసారి షరతుల్ని చదివి తీరాలి. సరుకు చెన్నై రేవు నుంచే పోవాలి. మన కృష్ణపట్నం రేవు అలా చూస్తూ కూర్చోవాలి. ఈ గడ్డ నిజంగా కృష్ణాపురం గడ్డేనని, ఇంత తూకమేనని కడపలోని ఉద్యాన శాఖ సహాయ సంచాలకుడు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కాగితం పట్టుకుని చెన్నైలోని విదేశీ వాణిజ్య కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. తహసీల్దారు ఆఫీసు ముందు కుల ధ్రువీకరణ పత్రం కోసం నిలబడ్డ డిగ్రీ కుర్రాడికీ బస్తాలోని ఎర్రగడ్డకూ తేడా ఏముంది? కుర్రాడికి వయసు మీరుతుంది, గడ్డకు మొలక వస్తుంది. పది వేలే ఎందుకు, పదకొండు వేల టన్నులు పోతే దేశానికి వచ్చే ముప్పేమిటి అంటే, దానికి జవాబు ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు.

ఇక కర్నూలుకు వద్దాం. ఇక్కడిది మామూలు ఎర్రగడ్డే, అందరూ తినేదే. నిల్వ ఉంచిన రబీ ఉల్లి దేశమంతా అడుగంటుతున్న ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కర్నూలు ఖరీఫ్ సరుకు మార్కెట్ యార్డుకు వస్తుంది. ఏడాది మొత్తంలో ఈ జిల్లా రైతుకు నాలుగు రూపాయలు కళ్లపడేది అప్పుడే. ఇప్పుడు తారీఖులు చూడండి. 2019 నిషేధం సెప్టెంబరు 29, 2020 నిషేధం సెప్టెంబరు 14, 2023లో 40 శాతం ఎగుమతి సుంకం వేసింది ఆగస్టు 19. గోనెగండ్లలో గడ్డ పెరుకుతున్నారని ఢిల్లీకి ఎవరు ఉప్పందిస్తారో గానీ, ముహూర్తం ఎన్నడూ తప్పదు.

ఇదంతా పేదవాడి కోసమే అంటారు. నిజమే, 2019 డిసెంబరులో కిలో వంద దాటినప్పుడు రైతుబజారు ముందు 25 రూపాయల ఉల్లి కోసం నిలబడ్డవాళ్లు పేదవాళ్లే. వాళ్ల కడుపు మంట అబద్ధం కాదు. కానీ వాళ్లకు ఆ చౌక ఉల్లి ఇచ్చింది రాష్ట్ర ఖజానా. గేటు వేసినప్పుడు మాత్రం ఖజానా నుంచి పైసా కదలదు, బిల్లు మొత్తం పండించినవాడి తక్‌పట్టీలోనే కోతపడుతుంది. ధర చితికితే అతను మరుసటేడు నాలుగెకరాలు రెండు చేస్తాడు. సరుకు తగ్గి ధర మళ్లీ ఎక్కుతుంది, గేటు మళ్లీ పడుతుంది. అర్జెంటీనా 2006లో జనానికి చవగ్గా మాంసం పెట్టాలని గొడ్డుమాంసం ఎగుమతి ఆపేసింది. అక్కడి రైతులు మందలు తగ్గించుకున్నారు. కొన్నేళ్లకు పక్కనున్న బుల్లి ఉరుగ్వే ఎగుమతుల్లో దాన్ని దాటిపోయింది. మనం చదివిన పాఠమే, పరీక్షలో మాత్రం రాయం.

ఈ వైభవాన్ని అమెరికాలోని మనవాళ్లు కూడా 2023 జులైలో రుచి చూశారు. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేయగానే అక్కడి కొట్ల ముందు సోనా మసూరి కోసం బారులు తీరారు, ఇంటికి ఒక్క బస్తా అని బోర్డులు లేచాయి. కర్నూలు సోనాకు అంత ప్రచారం ఏ వ్యాపార మేళాలోనూ రాలేదు.

ఉల్లికి 2023 డిసెంబరులో మళ్లీ నిషేధం. 2024 ఏప్రిల్ నెలాఖరులో, ఎన్నికల నడుమ, గుజరాత్ తెల్ల ఉల్లికి 2,000 టన్నుల దాకా దారి వదిలారు. మహారాష్ట్ర రైతులు భగ్గుమన్నారు. అక్కడ పోలింగు ఇంకా మిగిలి ఉండగానే, మే 4న, నిషేధం తీసి టన్నుకు 550 డాలర్ల కనీస ఎగుమతి ధర, 40 శాతం సుంకం పెట్టారు. ఆ రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికలు ముంచుకొస్తుంటే సెప్టెంబరులో కనీస ధర ఎత్తేసి సుంకం సగం చేశారు. 2025 ఏప్రిల్ 1న ఆ సగమూ పోయింది. గేటు బార్లా తెరిచారు.

తెరిచి చూస్తే అవతల కొనేవాడు లేడు. దెబ్బ మీద దెబ్బ తిన్న బంగ్లాదేశ్ సొంత సాగు పెంచుకుని, తన రైతును కాపాడుకోవడానికి దిగుమతి అనుమతులు బిగించింది. హసీనా వంటవాడు మాట నిలబెట్టుకున్నాడు. 2025 సెప్టెంబరులో కర్నూలు యార్డులో ధర కూలీ ఖర్చుకు కూడా చాలక రైతులు గడ్డల్ని పారబోశారు. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత క్వింటా 1,200 రూపాయలకు కొనిపించింది, అదీ చాలక హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. ఎగుమతితో రావాల్సిన డబ్బు పరిహారంగా వస్తోంది, అదీ మన పన్నుల్లోంచే.

వ్యవసాయ శాఖవారికి ఒక మనవి. ఖరీఫ్ ముందు ఊరూరా పంచే కరపత్రాల్లో విత్తన మోతాదు, ఎరువుల మోతాదు వేస్తారు కదా, పక్కనే ఇతర రాష్ట్రాల ఎన్నికల తేదీలూ వేయించండి. మహారాష్ట్ర అసెంబ్లీకి మళ్లీ ఎన్నికలు 2029లో. నారు పోసుకునేవాళ్లు రాసిపెట్టుకుంటారు.