నా వీపు వెచ్చన

ఇంట్లో అందరికీ తెలిసింది నా ముఖమే. తలుపు, పిడి, దానికో తాళం, తెరవగానే లోపల వెలిగే చిన్న బల్బు. వీపు సంగతి తెలిసింది ఒక్క పిల్లికి. కాబట్టి నా కథ చెప్పాలంటే వెనక నుంచే మొదలుపెట్టాలి.

నేను పుట్టింది సనత్‌నగర్‌లో, హైదరాబాద్ ఆల్విన్ కార్ఖానాలో. 1942లో, నిజాం రోజుల్లో మొదలైన కంపెనీ అది. బస్సులకు బాడీలు కట్టింది, ఇనుప బీరువాలు చేసింది, చేతిగడియారాలు కూడా చేసింది. ఆ లెక్కన ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలోని బీరువాలు నాకు అన్నల వరస. నాది లేత నీలం రంగు, 165 లీటర్ల కడుపు. 1983 ఎండాకాలంలో ఆబిడ్స్‌లో ట్రాలీ రిక్షా ఎక్కించారు. బషీర్‌బాగ్ మీదుగా హైదర్‌గూడ వచ్చాను.

ఈ ఊళ్ళో హైదర్‌గూడలు రెండు. మాది నారాయణగూడ పక్కది, ఎమ్మెల్యే క్వార్టర్లు ఉన్నది. ఇంకొకటి అత్తాపూర్ దిక్కున ఉంది. ఒకసారి నన్ను చూడ్డానికి వస్తానన్న మెకానిక్ ఆ హైదర్‌గూడకు పోయి, మధ్యాహ్నమంతా అక్కడ లేని ఇంటి కోసం తిరిగాడట. ఆ రోజు నా కడుపులో పాలు విరిగాయి. మాట నాకు వచ్చింది.

ముందు వరండా, పక్కన కిరాయికిచ్చిన రెండు పోర్షన్లు, వెనక వేపచెట్టు, అదీ మా ఇల్లు. వంటింట్లో చోటు చాలక నన్ను హాల్లో ఒక మూల నిలబెట్టారు. గోడకూ నాకూ మధ్య జానెడు సందు. ఆ సందే తర్వాత పిల్లికి గది అయింది.

నేను చల్లదనాన్ని తయారు చేస్తానని ఇంట్లో అందరి నమ్మకం. చల్లదనాన్ని తయారు చెయ్యడం ఎవరి వల్లా కాదు. బావిలో నీళ్ళు తోడి బయట పోసినట్టు, నా కడుపులో పెట్టిన పాలల్లో, పప్పులో, టమాటాల్లో ఉన్న వేడిని తోడి వెనక పారబోస్తాను. అడుగున ఉన్న మోటారు గ్యాసును ఒత్తుతుంది. ఒత్తిడికి వేడెక్కిన గ్యాసు వీపు మీది నల్లటి జాలీ గొట్టాల్లో తిరిగి, వేడిని గదిలో వదిలి, చల్లబడి మళ్ళీ లోపలికి వస్తుంది. తోడిన వేడికి మోటారు పడ్డ కష్టం తాలూకు వేడి కూడా తోడవుతుంది. అంటే లోపల్నుంచి తీసిన దానికన్నా బయటికి పోసేది ఎప్పుడూ ఎక్కువే. మే నెలలో నా తలుపు బార్లా తీసి "ఎంత సల్లగున్నదే" అంటూ నిలబడే పిల్లలకు ఈ లెక్క ఎవరు చెప్తారు? వాళ్ళు నిలబడ్డంతసేపూ గది ఇంకా ఉడుకుతూనే ఉంటుంది.

లెక్క చెప్పకుండానే తెలుసుకున్నది గుండమ్మ.

కార్తీకమాసంలో, వరండాలో తులసికోట దగ్గర వణుకుతూ దొరికింది. అప్పటికి అరచేతిలో పట్టేంత కూన. లావయ్యేది తర్వాత. ఆ పేరు బాపు, అంటే ఇంటాయన, పెట్టాడు. లోపలికి రానిచ్చిన రాత్రే అది ఇల్లంతా తిరిగి చూసింది. చాప, గోనెపట్టా, బాపు చిన్న కూతురు చిన్నది విప్పి పారేసిన స్వెటర్, అన్నీ మూతితో ఒకసారి తాకి వదిలేసింది. పిల్లికి ముక్కు చుట్టూ ఉన్న చర్మానికి కాస్త వేడి తేడా అయినా చప్పున తెలుస్తుంది. చివరికి నా పక్కన చెక్కపీట మీదున్న స్టెబిలైజర్ ఎక్కి ముడుచుకుంది. స్టెబిలైజర్ అంటే గుయ్యిమనే ఒక ఇనుప డబ్బా. లోపల రాగి తీగ చుట్టలు, ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. ఒళ్ళు పెరిగి దాని మీద పట్టకపోయేసరికి నా వెనక సందులోకి మకాం మార్చింది. ఇంకొంచెం ధైర్యం వచ్చాక నెత్తికెక్కింది. జాలీ మీద వేడెక్కిన గాలి పైకి లేచి నా నెత్తి వెనక అంచును తాకుతూ పోతుంది. సరిగ్గా ఆ అంచు మీదే దాని పడక.

అమ్మకు మాత్రం అనుమానం. "దీని కన్ను పాల మీదనే ఉన్నది, తాళమెయ్యిండ్రి" అనేది. వేసింది కూడా. తాళంచెవి కొంగుకు కట్టుకు తిరిగేది. ఆ పిల్లి నా తలుపు వైపు ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదని నేను సాక్ష్యం చెప్పగలను, అడిగితే. పాల వాసన రావాలంటే తలుపు తెరుచుకోవాలి. వేడికి ఆ ఇబ్బంది లేదు.

అమ్మ అనుమానాన్ని కొట్టిపారేసింది నాయనమ్మ. ఆమె జనగామ పక్క పల్లెలో కట్టెల పొయ్యి ముందు ముప్పాతిక జీవితం గడిపిన మనిషి. "పాలు కాదే, దానికి పొయ్యి దొరికింది" అంది. రాత్రి వంటయ్యాక నిప్పు ఆర్పినా బూడిద తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది. పిల్లి ఆ బూడిదలో పడుకుంటుంది. పొద్దున ఇల్లాలు దాన్ని లేపి పొయ్యి రాజేస్తుంది. లేపలేదంటే ఆ పూట వండడానికి ఏమీ లేదన్నమాట. పొయ్యిలో పిల్లి లేవలేదనే మాట ఆమె నోట నేను చాలాసార్లు విన్నాను, ఎక్కువగా కరువు సంవత్సరాల సంగతులు చెప్పేటప్పుడు. నవ్వుతూ చెప్పేది కాదు.

ఆ బూడిద కింద ఒక్కోసారి నిప్పుకణిక మిగిలి ఉండేది. మనిషి చర్మానికి 44 డిగ్రీలు దాటితే చురుక్కుమంటుంది. పిల్లి 52 దాకా ఇబ్బంది పడ్డట్టు కనిపించదు. అంత వేడి ఓర్చుకుంటుంది గనకే దాని కాలు కాలుతుంది, కాలాక ఇల్లంతా తిరుగుతుంది. నా వీపుతో అలాంటి గండం లేదు. గది కన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ, అంతకు మించి పోను. పొయ్యి కన్నా నేనే మర్యాద తెలిసినదాన్ని.

ఒకసారి గుండమ్మకు జలుబు చేస్తే చిన్నది బుట్టలో పెట్టి నారాయణగూడ పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. వచ్చాక డాక్టరు చెప్పిందంతా నాయనమ్మకు ఒప్పజెప్పింది. నా ముందే కాబట్టి నేనూ విన్నాను. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీలు. మనిషికైతే దాన్ని జ్వరమంటారు. చుట్టూ 30 నుంచి 38 డిగ్రీలు ఉంటే ఆ వేడి నిలుపుకోవడానికి దానికి ఏ ఖర్చూ లేదు. 30 కన్నా తగ్గిందంటే తిన్న తిండిలో కొంత ఒంట్లో కాల్చుకోవాలి. దాని పూర్వీకులు పశ్చిమాసియా ఎడారి అంచుల అడవిపిల్లులు మరి. ఇప్పుడు 24లో ఏసీ పెట్టుకుని హాయిగా ఉందనుకునే గదిలో పిల్లి దుప్పట్లో దూరుతుందంటే దానిది నాటకం కాదు, నిజంగానే చలి. ఆ లెక్కన హైదరాబాదులో ఎండాకాలం పోగా మిగిలిన రాత్రులన్నీ పిల్లికి చలికాలమే. 1946 జనవరిలో ఈ ఊళ్ళో 6.1 డిగ్రీలకు పడిపోయిందట. అప్పటికి నేనింకా పుట్టలేదు. ఆ రాత్రి పిల్లులన్నీ ఏ పొయ్యిలు వెతుక్కున్నాయో.

ఎండలు ముదిరాక మాత్రం లెక్క తిరగబడేది. హాల్లో 38 దాటిందంటే గుండమ్మ నన్ను మర్చిపోయేది. వంటింటి గడప పక్కన, నీళ్ళ రంజన్ కింద పోసిన తడి ఇసుకను ఆనుకుని పొట్ట పరిచి పడుకునేది. చలికాలం అది నా వెనక, ఎండాకాలం మనుషులు నా ముందు. రెండు జాతులూ కలిసి నన్ను మెచ్చుకున్న రోజు ఒక్కటీ లేదు.

కరెంటు పోయినప్పుడు నా పరువు తెలిసేది. మోటారు ఆగిన కాసేపటికే జాలీ చల్లబడుతుంది. గుండమ్మ లేచి, ఒళ్ళు విరుచుకుని, నన్నొకసారి అదోలా చూసి, బాపు ఒళ్ళోకి పోయేది. చీకట్లో విసనకర్రతో విసురుకుంటూ ఆయన "నేను గుర్తొచ్చిన్నా తల్లీ" అనేవాడు. ఆయనకు అది ప్రేమ. నాకు మాత్రం తెలుసు ఆయన రెండో నంబరని. కరెంటు రాగానే నేను గుర్రుమనేదాన్ని, అది దిగి వచ్చేది. మా ఇద్దరి గురకలూ ఒకే శ్రుతిలో ఉండేవని చిన్నది అనేది.

నాకు పోటీ లేకపోలేదు. ఈసీ టీవీ. మా ఊళ్ళోనే ఈసీఐఎల్‌లో పుట్టింది కాబట్టి అదీ హైదరాబాదీయే. చెక్క పెట్టె, ముందు జారుడు తలుపులు, లోపల పిక్చర్ ట్యూబు. పావుగంట నడిచిందంటే నెత్తి కాగేది. అయితే అది సాయంత్రాల సరుకు, నాలా ఇరవై నాలుగు గంటల ఉద్యోగం కాదు. దానికీ ఒక రోజు వచ్చింది. 1987, 88లలో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేది. రెండు పోర్షన్లవాళ్ళూ, ఎదురింటివాళ్ళూ మా హాల్లోనే. నాయనమ్మ టీవీకి పసుపుకుంకుమలు పెట్టి, ఊదుబత్తి వెలిగించేది. గుండమ్మ పైన పడుకుని తన వాటా కుంకుమ తాను పెట్టించుకునేది. లంకాదహనం వచ్చిన ఆదివారం దాని తోక సరిగ్గా తెర మధ్యకు వేలాడింది. హనుమంతుడి తోక ఏదో, మా గుండమ్మ తోక ఏదో తెలియక పిల్లలు ఒకటే నవ్వు. తోక తీయమని అరిచిన పెద్దమనిషి మీద నాయనమ్మే కోప్పడింది. "ఉండనియ్యి, ఇయ్యాల్ల తోకదే కథ."

గుండమ్మ తర్వాత దాని కూతురు, ఆ తర్వాత మనవరాలు. ఒక్కొక్కటీ వీధిలో వెచ్చని చోట్లన్నీ కొత్తగా కనుక్కునేది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన స్కూటరు, కిరాణా కొట్టు ముందు ఎండలో వేసిన గోనె, ఇస్త్రీ బండి కింద బొగ్గుల బకెట్టు పక్క. మనవరాలు ఒక చలి రాత్రి కిరాయిదారు కారు బానెట్ కిందికి, ఇంజను మీదికి దూరింది. పొద్దున ఆయన తాళం తిప్పబోతుంటే అమ్మ చూసి కేకేసింది, బతికిపోయింది. అప్పట్నుంచి ఆయన రోజూ బానెట్ మీద రెండు దెబ్బలు చరిచి గానీ బండి తీసేవాడు కాదు. చలికాలంలో అందరూ చెయ్యాల్సిన పనే.

నా సంగతికొస్తే, జబ్బు కన్నా మందు దొరక్కపోవడం నా ప్రాణం మీదికి తెచ్చింది. నా గొట్టాల్లో తిరిగే గ్యాసు ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తోందని 1987లో చాలా దేశాలు కూడి మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నాయి. మన దేశంలో 2010కల్లా ఆ గ్యాసు తయారీ ఆగాలని తర్వాత తేల్చారు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడ్డ గొట్టానికి తుప్పు పట్టి చిన్న చిల్లు పడేనాటికి మెకానిక్ పెదవి విరిచాడు. "ఆ గ్యాస్ ఇప్పుడు రాదు సార్." నన్ను కన్న ఆల్విన్ కూడా అప్పటికి వోల్టాస్‌లో కలిసిపోయి చాలాకాలమైంది. పిల్లిని చల్లటి వీపుతో కొన్ని రోజులు మోసం చేశాక, నన్ను మిద్దె మీద మెట్ల గదిలోకి చేర్చారు.

కింద వెచ్చని చోట్లు తగ్గిపోయాయని మెట్లెక్కి వచ్చిన పిల్లుల వాలకం చూస్తే తెలిసేది. టీవీ గోడకంటుకున్న పలక అయింది. అలవాటు చొప్పున దాని మీదికి దూకిన పిల్లి వెనక్కి జారి పడింది. కొత్త ఫ్రిజ్‌కు వీపు మీద జాలీ లేదు, గొట్టాలన్నీ పక్క రేకుల్లో దాచారు. అయినా ఇది నా వాళ్ళను మెచ్చుకోవాల్సిన విషయం, వారం తిరక్కుండా ఆ రేకు వెచ్చనని కనిపెట్టి దానికి నడుం ఆనించాయి. 2013లో సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరయ్యాయి. అవి ఒక్క కూనకు సరిపోయే పడకలు. మెట్ల గది పక్క గదిలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే అబ్బాయి దిగాడు. కోచింగ్ అశోక్‌నగర్‌లో. అతని లాప్‌టాప్ తెరవడం ఆలస్యం, పిల్లి వచ్చి అక్షరాల మీద పడుకునేది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ పట్టుకోవడానికి పరుగెత్తేది చదువు మీద శ్రద్ధతోనా, పిల్లి పోరు పడలేకనా అంటే అతనే నవ్వేవాడు.

పిల్లలు లోపల దూరి ఇరుక్కుంటారని అమ్మ నా తలుపు ఊడదీయించింది. మంచి పని. ఎవరింట్లో పాత ఫ్రిజ్ ఉన్నా చెయ్యాల్సిందదే. అరలు తీసేసి, కడుపునిండా పాత చీరలు కుక్కి, నోటికి గోనెపట్టా వేలాడదీశారు. గుండమ్మ ముని మనవరాలో, ఆ తర్వాతి తరమో, పులివన్నె చారల పిల్లి ఒకటి ఈ డిసెంబరులో నాలుగు కూనలను నోట కరుచుకొచ్చి ఆ చీరల్లో పడుకోబెట్టింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తట్టని సంగతి అప్పుడు తెలిసింది. నా గోడల మధ్య కుక్కిన పొర బయటి వేడిని లోపలికి రానివ్వదు, అందుకే పెట్టారు. లోపలి వేడిని బయటికి పోనివ్వదని కూడా దాని అర్థమే కదా. పుట్టిన కొత్తలో పిల్లి కూనలకు ఒంటి వేడి నిలుపుకోవడం రాదు, వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్టా, ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడమే గతి. తల్లి తిండికి పోయినా చీరల్లో ఆ వెచ్చన అంత తొందరగా పోయేది కాదు. నా కడుపు, వీపు కాదు, కడుపు, మొదటిసారి వెచ్చబడింది. కరెంటు బిల్లు లేకుండా.

ఇంతలో ఇల్లు బిల్డరుకు ఇచ్చారు. సామాన్లు కిందికి దిగుతున్నాయి. మొన్న పాత ఇనుము కొనే ఆయన మెట్లెక్కి వచ్చి, నన్ను వంచి చూసి, మోటారులో రాగి ఉంటుందని తేల్చి ధర చెప్పాడు. చిన్నది, ఇప్పుడామెకూ తల నెరిసింది, గోనెపట్టా ఎత్తి చూపించింది.

"కండ్లు తెరిచినంక రా అన్నా."

ఆయన తొంగి చూశాడు. "పిల్లిది ఏడిండ్ల లెక్క గదమ్మా. ఇది ఎన్నోది?"

"మూడోది. ముందు వరండాల పెట్టింది, ఆడికెంచి బీరువా మీదికి."

"అయితే ఎక్కువ రోజులుండదులే" అని, ఊరికే పోవడం ఎందుకని స్టెబిలైజర్‌ను తూకానికి అడిగాడు. మూడు కిలోల పైన తూగింది. పైసలు లెక్కపెట్టి ఇచ్చి, సంచిలో వేసుకుని దిగిపోయాడు.