సూర్యభగవానుడి హాజరు పట్టీపై బహిరంగ లేఖ

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తి గారి దివ్య సముఖమునకు,
ఏడు గుర్రాల రథం, ఆకాశం.

విషయం: న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో తమరి రాకపోకల వేళల్లో జరుగుతున్న అవకతవకల గురించి.

సూచిక: మా అత్తమ్మ మే నెల నుంచి నోటిమాటగా చేస్తున్న ఫిర్యాదులు.

అయ్యా,

మా ఇంటి నుంచి తమరి మీద ఇదివరకు ఫిర్యాదు వెళ్లిన దాఖలా లేదు. మాది హనుమకొండ. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో శివుడి పక్కన, విష్ణువు పక్కన తమరికీ ఒక గర్భగుడి కేటాయించిన ఊరు. అక్కడ తమరి కొలువుకు వంక పెట్టేవాళ్లు లేరు. ఎండాకాలంలో నెత్తి మాడుస్తారన్న మాటే గానీ వచ్చే వేళకు వస్తారు, పోయే వేళకు పోతారు. జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరులో 11 గంటలు. ఆ రెండు గంటల తేడా ఎవరికీ పట్టదు. ఇక అరసవల్లిలోనైతే ఏటా మార్చిలో, అక్టోబరులో చెప్పిన రోజుకు వచ్చి మూలవిరాట్టు పాదాలు తాకి వెళ్తారని పేరు. ఇంత మంచి సర్వీసు రికార్డు ఉన్న తమరు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి జూన్‌లో 15 గంటలు డ్యూటీ చేసి, డిసెంబరులో తొమ్మిదింపావు గంటలకే చేతులు దులుపుకుంటున్నారు. దీనికి సంజాయిషీ కావాలి.

మా అత్తమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. ఆమెకు ఒక నియమం: పొద్దుగూకంగనే దేవుడి దగ్గర దీపం ముట్టించాలి, ఆ తర్వాతే రాత్రి అన్నం. హనుమకొండలో ఈ నియమానికి గడియారం అక్కర్లేదు. ఇక్కడ జూన్ మూడో వారంలో తమరు రాత్రి ఎనిమిదిన్నర దాకా పడమటి కిటికీలో కూర్చున్నారు. వత్తి నూనెలో నానుతోంది, అగ్గిపెట్టె చేతిలో ఉంది, పిల్లలు ఆకలని వంటింట్లో తిరుగుతున్నారు. "గీయన ఎప్పుడు పోతడు బిడ్డా? ఇంటికాడ ఎవ్వలూ లేరా ఈయనకు?" అని ఆమె అడిగింది. తమరి ఇల్లాలు ఛాయాదేవి గారు ఈ ప్రశ్న విన్నారో లేదో తెలియదు. చిన్నోడిని తొమ్మిదింటికి పడుకోబెడితే, ఇంకా వెలుతురుంది కాబట్టి ఇది సాయంత్రమేనని వాదించాడు. సాక్షి తమరే. సాక్ష్యం వాడి వైపే చెప్పారు.

సెప్టెంబరు మొదటి సోమవారం కార్మిక దినం సెలవు అయిపోగానే బడులు తెరిచారు. పెన్సిళ్లు, నోటు పుస్తకాలు, ముక్కు తుడుచుకునే కాగితాల డబ్బాలతో సహా టీచర్లిచ్చిన జాబితా పట్టుకుని కొట్ల వెంట తిరగడం మామూలే, దాన్ని తమరి ఖాతాలో వేయను. తమరి ఖాతాలో వేసేది ఇది: సరిగ్గా పిల్లలు తెల్లారి లేవాల్సిన రోజులు మొదలైనప్పుడే తమరు ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. విషువత్తు దరిదాపుల్లో ఇక్కడి పగటిలోంచి రోజుకు రెండున్నర నిమిషాలకు పైనే కోసేస్తారు. రోజూ కొంచెమే కాబట్టి ఎవరికీ తెలియదు, నెల తిరిగేసరికి గంటంపావు మాయం. అక్టోబరు చివరికి తమరి రాక ఉదయం ఏడు గంటల ఇరవై దాటాక. మా పెద్దదాని మిడిల్ స్కూల్ బస్సు ఏడు లోపే వస్తుంది. పిల్ల చీకట్లో వీధి దీపం కింద నిలబడితే, శాలువా కప్పుకుని వాళ్ల నానమ్మ కాపలా. బళ్లోకి పోయే పిల్లను నక్షత్రాలు చూస్తూ సాగనంపడం తన వంశంలో ఎవరూ చేయలేదని ఆమె అంటుంది.

ఇక అసలు కేసు. చిక్కుడు తీగది.

మే చివర్లో అత్తమ్మ పెరట్లో గోంగూర, బీర, సొర, చిక్కుడు వేసింది. గోంగూర కోసినకొద్దీ వచ్చింది. బీర, సొర పక్కిళ్లకు పంచేదాకా కాశాయి. చిక్కుడు మాత్రం ఆకు మీద ఆకు వేసుకుంటూ, మా ఆయన ప్లాస్టిక్ పైపులతో కట్టిన పందిరిని మింగేసి కంచె ఎక్కింది. పువ్వు లేదు. జూలై పోయింది, ఆగస్టు పోయింది, పువ్వు లేదు. అత్తమ్మ ఎరువు మార్చింది, దిష్టి తీసింది, తీగ ముందు నిలబడి నాలుగు మాటలు కూడా అంది. తప్పు తీగది కాదు. మన నాటు చిక్కుడు పగలు కురచబడితే గానీ మొగ్గ తొడగదు. హనుమకొండలో అది ఇబ్బంది కాదు, పొద్దు కురచయ్యాక కూడా నెలల తరబడి వెచ్చగానే ఉంటుంది, సంక్రాంతి దాకా కాయ తెంపుకోవచ్చు. ఇక్కడ తమరు వేసవంతా అటెండెన్స్ ఎక్కువ వేసుకుని దాన్ని మొగ్గ తొడగనివ్వలేదు. సెప్టెంబరు మూడో వారంలో ఊదారంగు పూత వచ్చింది. అక్టోబరు మధ్యలో, వేలెడంత కాయలు వేలాడుతుండగా, ఫోనులో వాతావరణ శాఖ హెచ్చరిక మోగింది: ఈ రాత్రి మంచు, మొక్కలు కాపాడుకోండి. పూయడానికి కావలసిన చీకటీ, కాయను చంపే చలీ ఒకే చేత్తో పంపారు తమరు.

ఆ రాత్రి మా ఇల్లు ఖాళీ అయింది. పాత దుప్పట్లు, నా రెండు కాటన్ చీరలు, పెద్దదాని చున్నీ, బట్టల క్లిప్పులు పెరట్లోకి చేరాయి. చిన్నోడు టార్చి పట్టాడు, టార్చి మాత్రం తీగ మీద కాక ఎప్పుడూ చెట్టు మీదే ఉంది. మా ఆయన నిచ్చెన మీద, అత్తమ్మ కింద నుంచి ఆజ్ఞలు. "పైన కప్పు, పక్కన కప్పు, కాయ నలుగొద్దు, నీ కాలు గోంగూర మీదుంది." చలికి పళ్లు టకటకలాడుతుంటే ఆఖరి క్లిప్పు పెట్టి లోపలికి వచ్చేసరికి కరివేపాకు కుండీ బయటే మర్చిపోయామని గుర్తొచ్చింది. మళ్లీ చెప్పులు, మళ్లీ టార్చి. మా ఇంట్లో కరివేపాకు మొక్కకున్న మర్యాద అల్లుడికి కూడా ఉండదు. చలి మొదలవగానే అది హాల్లో దక్షిణం కిటికీ దగ్గరికి మకాం మారుస్తుంది, వసంతం దాకా దాని కోసం సోఫా జరిగే ఉంటుంది.

తెల్లారి పక్కింటి పెద్దాయన కంచె దగ్గర నిలబడి, తెల్ల దుప్పట్లు గాలికి ఊగుతున్న పందిరిని చాలాసేపు చూసి, ఈసారి మా హాలోవీన్ దయ్యాలు బాగా కుదిరాయని మెచ్చుకున్నాడు. నేను తర్జుమా చేసి చెప్పాను. "దయ్యం కాదయ్యా, చిక్కుడు" అని అత్తమ్మ తెలుగులోనే జవాబిచ్చి, దుప్పటి అంచు ఎత్తి కాయ చూపించింది. సాయంత్రానికి ఆయన తన షెడ్డులోంచి రెండు టార్పాలిన్లు తెచ్చిచ్చాడు. ఇంతమంది ఇంత పని చేస్తే మొత్తం తీగ మీద దక్కింది ఒక్క పూట కూర. అయ్యా, ఆ కూర రుచి గురించి ఇక్కడ రాయను. రాస్తే ఫిర్యాదు పలచబడుతుంది.

బతుకమ్మకూ తమరి దెబ్బ తగిలింది. తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. కానీ పండుగ నిర్ణయించేది ఎక్కడి సూర్యోదయం అక్కడిది, తమరేమో హనుమకొండలో ఉదయించిన పది గంటలకు గానీ ఇక్కడ ఉదయించరు. దాంతో ఎంగిలిపూల బతుకమ్మ ఏ రోజన్న దాని మీద గుడి క్యాలెండరు ఒకటి చెబితే హనుమకొండలో ఆడబిడ్డ ఫోనులో ఇంకొకటి చెప్పింది. ఇద్దరిదీ న్యాయమే. పువ్వుల సంగతి మాత్రం ఒప్పుకోవాలి, అక్కడ తమరు పక్షపాతం చూపలేదు. గునుగు జాతి పువ్వునే ఇక్కడి నర్సరీల్లో సెలోషియా అని ఆకురాలు కాలం అలంకరణకు కుండీల్లో అమ్ముతారు. అత్తమ్మ దాన్ని చూసి, ఊళ్లో చేనుగట్ల మీద ఊరికే మొలిచేదానికి డాలర్లా అని ముక్కున వేలేసుకుంది, వేలేసుకుంటూనే నాలుగు కుండీలు బండిలో పెట్టింది. తంగేడు బదులు రోడ్డు పక్కన విరగబూసిన గోల్డెన్‌రాడ్ కోశాం. తుమ్ములు వస్తాయని మా ఆయన కారు అద్దాలు దించాడు. పాపం ఆ పువ్వుకు ఊరికే నింద. తుమ్ములు తెప్పించేది అదే రోజుల్లో పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి.

ఆకుల రంగుల గురించి లోకం తమరిని పొగుడుతోంది. జనం కార్లు కట్టుకుని వెర్మాంట్ దాకా పోయి ఫొటోలు దిగి వస్తున్నారు. నా అభిప్రాయం వేరు. తమరు వెలుతురు తగ్గించారు గనక చెట్టు ఆకుపచ్చ తయారీ ఆపేసింది. లోపల వేసవంతా దాగి ఉన్న పసుపు బయటపడింది. ఎరుపు మాత్రం చాలా చెట్లు ఈ రోజుల్లోనే కొత్తగా చేసుకుంటాయి. తర్వాత ఆకు తొడిమ దగ్గర ఒక పొర అడ్డం వేసి వదిలేస్తాయి. చెట్టు వదిలేసినదాన్ని రేక్‌తో లాగి, గోధుమరంగు కాగితపు సంచుల్లో కూరి, మునిసిపాలిటీ బండి కోసం గట్టున పెట్టి, నడుముకు మందు రాసుకునేది మా ఆయన. ఇవే ఊళ్లో ఉంటే వంట చెరకుకు కొదవ ఉండేది కాదని అత్తమ్మ ప్రతి సంచికీ ఒకసారి అంటుంది.

దీపావళీ హాలోవీనూ ఒకే సాయంత్రం పడ్డాయి. మెట్ల మీద గుమ్మడికాయకు అత్తమ్మ పసుపు కుంకుమలు పెట్టింది. మంత్రగత్తె, అస్థిపంజరం వేషాల పిల్లలు వరుసదీపాల మధ్య నుంచి వచ్చి చాక్లెట్లతో పాటు ఆమె చేతి అరిసెలు కూడా పట్టుకుపోయారు. ఆ సాయంత్రం తమరు ఆరింటికి ముందే వెళ్లిపోవడం మాకు కలిసొచ్చింది, ఫైలులో రాసుకోండి.

ఆ తర్వాతి ఆదివారం అమెరికా ప్రభుత్వం తమరికి తోడు దొరికింది. 1966 నాటి చట్టం ప్రకారం దేశంలో చాలాచోట్ల గడియారాలు ముందుకూ వెనక్కూ తిప్పుతుంది. 2007 నుంచి వెనక్కి తిప్పే రోజు నవంబరు మొదటి ఆదివారం. ఈ తిప్పుడు ఆపేసి ఎండాకాలం వేళే ఏడాది పొడవునా ఉంచుదామని 2022 మార్చిలో సెనేటు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. కింది సభలో ఆ ఫైలు కదల్లేదు. ఫలితం: శనివారం ఆరింటికి కాస్త ముందు అస్తమించిన తమరు ఆదివారం ఐదు కొట్టకముందే మాయం. పిల్లలు బడి నుంచి వచ్చి పాలు తాగేలోగా దీపం వెలిగింది. హనుమకొండలో రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్ ఇక్కడ ఉదయం పదింటికి వచ్చేదల్లా తొమ్మిదింటికి వచ్చి, అత్తమ్మ దేవుడి పూజ సగంలో ఉండగానే అయిపోయింది. ఇండియా గడియారం ముట్టుకోలేదు, ఇక్కడివాళ్లు ముట్టుకున్నారు, ఆమె మాత్రం దోషం తమరిదే అంటుంది.

ఒక్క లాభం జరిగింది. కార్తీక సోమవారం ఉపవాసం చుక్క కనపడితే గానీ విడవకూడదు. ఇక్కడ ఐదున్నరకే చుక్కలు. ఇంత చవకగా దొరికిన పుణ్యం లెక్కలోకి వస్తుందా రాదా అని ఆమెకు అనుమానం. ఆ సందేహం తమరే తీర్చాలి.

ఇదంతా భూమి 23.4 డిగ్రీలు ఒరిగి తిరగడం వల్లేనని, తమరి ప్రమేయం లేదని తమరి కార్యాలయం జవాబిస్తుందని మాకు తెలుసు. మా చిన్నోడు ఐదో తరగతి సైన్సు పుస్తకం చూపించి అదే చెప్పాడు. తప్పు పక్క శాఖ మీదికి నెట్టడం మేం ఎరగని విద్య కాదు. అయితే ఒక్కటి అడుగుతాం. జనవరి మొదటి వారంలో భూమి తమరికి ఏడాది మొత్తంలోకీ దగ్గరగా ఉంటుంది, జూలైతో పోలిస్తే 50 లక్షల కిలోమీటర్లు దగ్గర. అంత దగ్గరికి వచ్చినవాళ్లను అంత చలిలో నిలబెట్టడం పెద్దరికమేనా?

వీసా గడువు తీరుతోంది, ఈ శుక్రవారం మా అత్తమ్మ విమానం ఎక్కుతోంది. తమరూ దక్షిణానికే పోతున్నారు. ఆమె గోంగూర గింజలు కాగితంలో కట్టి, చిక్కుడు గింజలు మాత్రం నా చేతిలో పెట్టి, వచ్చే ఏడు చూద్దామంది.

కావున ప్రార్థన. వచ్చే జూన్‌లో ఓవర్‌టైం కొంత తగ్గించి, ఆ మిగిలిన గంటలు నవంబరుకు జమ చేయించగలరు. బస్సు ఎక్కే పిల్లల మొహాలు కనిపించేంత వెలుతురు ఉదయం ఏడింటికి మంజూరు చేయగలరు. మా పెరట్లో చిక్కుడు కనీసం ఆగస్టులో మొగ్గ తొడగడానికి తగు ఉత్తర్వులు ఇవ్వగలరు. హనుమకొండ వాకిట్లో మా అత్తమ్మ అర్ఘ్యం ఇస్తూ తమరికి నేరుగా చెప్పబోయే మాటలు ఇంతకంటే కటువుగా ఉంటాయి, ఓపికగా వినగలరు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
ఎడిసన్ చిక్కుడు పందిరి యజమానురాలు.

ప్రతి: శ్రీయుత చంద్రుడు గారికి, సమాచార నిమిత్తం. కార్తీక పౌర్ణమి నాటికి పెద్దామె ఊళ్లో ఉంటుంది, మబ్బు పట్టకుండా చూడగలరు.