రిటైరై భీమిలిలో తెరచాప పడవ కొనదలచినవారికి

ఊరిని డిసెంబరులో చూడాలి. మరే నెలా పనికిరాదు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద, పొద్దున్నే, ఏసీ కారులో, అద్దాలు దించకుండా బయల్దేరండి. ఎడమచేతి వైపు తొట్లకొండ, కుడిచేతి వైపు బంగాళాఖాతం, దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక ఫొటో. భీమిలి చేరేసరికి మనసు మెత్తబడి ఉంటుంది. గడియార స్తంభం, లైట్‌హౌసు, డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు, అన్నీ ఒక్క పూటలో చూసెయ్యొచ్చు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని ఎవరో ఒకరు గర్వంగా చెబుతారు. అంత పాత ఊరు ఇంత ఖాళీగా ఎందుకుందని మాత్రం అడక్కండి. అడిగితే, ఇక్కడ ఒకప్పుడు ఓడలు లంగరేసేవనీ, ఆ వ్యాపారమంతా విశాఖకి తరలిపోయిందనీ చెబుతారు. అంటే మీరు ప్రశాంతత అనుకుంటున్నది, రేవు పని పోయాక మిగిలింది. ఈ సంగతి తెలిస్తే టీ రుచి మారిపోతుంది. టీ గ్లాసు కింద పెట్టేలోపు స్థలానికి అడ్వాన్సు ఇచ్చెయ్యండి.

మే నెలలో వెళ్లకండి. అక్టోబరులో అసలే వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎవరి రేకులు ఎవరి పెరట్లో పడ్డాయో వివరంగా చెప్పేవాళ్లు ఆ తీరమంతా ఉన్నారు. వాళ్లు చెప్పేది వింటూ కూర్చుంటే రిజిస్ట్రేషన్ ముహూర్తం దాటిపోతుంది.

ఇల్లు నీటికి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప. తీర ప్రాంత నియంత్రణ నిబంధన అని ఒకటుంది. పల్లెపట్టుల్లో పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవని దాని మాట. జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2161 దాటిన చోట 50 మీటర్లని 2019లో సడలించారు. ఈ అంకెలు చదవడం మీ పని కాదు. బ్రోకర్ని అడగండి. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అంటాడు. ఎవరు చూసుకుంటారో, ఎప్పుడు చూసుకుంటారో అని లాగకండి, మర్యాద కాదు. గేటు ఇనుముతోనే చేయించండి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందంటారుగానీ, పట్టేదాకా బాగానే ఉంటుంది కదా.

ఒడ్డున ఎండుచేపల వాసన వస్తుంది. ఇక్కడ మెతకగా ఉండకూడదు. మీ తాతగారు పుట్టకముందు నుంచీ జాలర్లు అక్కడే ఆరేస్తున్నారన్న వాదనకి లొంగకుండా, దిగిన వారంలోనే అధికారులకి అర్జీ పెట్టండి. మీ వరండాకి ఎదురుగా పడవలు, వలలు అడ్డంగా ఉన్నాయని కూడా అందులోనే రాయండి. ఊళ్లో అందరికీ మీ పేరు తెలియడానికి ఇంతకంటే దగ్గరదారి లేదు.

ఇక పడవ. అనుభవం ఉన్నవాళ్లెవరైనా చిన్నదానితో మొదలుపెట్టమంటారు. లేజర్ అని ఒక రకం ఉంది. పొడవు 4.23 మీటర్లు, ఒక్క తెరచాప, ఒక్క మనిషి. ఖాళీ డొప్ప అరవై కిలోల లోపే, ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే ఇసుక మీదికి వచ్చేస్తుంది. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న పడవ అదే. ఇవన్నీ నిజమే, కానీ దాన్ని చూపించి బంధువుల దగ్గర ఏం చెప్పుకుంటారు? కాబట్టి నలుగురు పడుకునే గది ఉన్నదే కొనండి. నీళ్లలో దాని అడుగు మనిషి ఎత్తున దిగుతుందనీ, భీమిలి ఇసుక మీదికి అది రాలేదనీ, నది మొగ దగ్గర ఇసుక మేట ఉంటుందనీ లారీ వచ్చి నిలబడ్డాక తెలుసుకోవచ్చు.

నేర్చుకోవడానికి హుస్సేన్‌సాగర్‌కి వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే పొరపాటున కూడా వినకండి. అక్కడ వానాకాలపు గాలికి తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. ఆప్టిమిస్ట్ అనే డబ్బా లాంటి పడవల్లో పిల్లలుంటారు. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన, రెండు ప్లైవుడ్ షీట్లతో అయిపోవాలని గీసిన నమూనా అది. పదిహేనేళ్లు దాటితే అందులో పోటీకి రానివ్వరు. పన్నెండేళ్ల పిల్ల ఎడమచేత్తో తాడు లాగుతూ మిమ్మల్ని దాటుకుపోయి, వెనక్కి తిరిగి "అంకుల్, చుక్కాని అటు తిప్పండి" అంటే, ముప్పై ఏళ్ల సర్వీసు ఏమైనట్టు?

ఈత కూడా అక్కర్లేదు. దీనికి సాక్ష్యం ఉంది. 1895 నుంచి 1898 దాకా ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్‌కి ఈత రాదు. ఆయన 1909లో మళ్లీ బయల్దేరి తిరిగి రాలేదన్నది వేరే విషయం. మనవాళ్ల ఉదాహరణ కావాలంటే, నౌకాదళంలోని ఆరుగురు మహిళలు తారిణి అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వారిలో స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాద్. అయితే వాళ్లు ముందు మాదేయి అనే పడవ మీద మారిషస్ దాకా వెళ్లొచ్చి మరీ ఈ పనికి దిగారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి అంత తీరిక ఎలా దొరికిందో! మీరు రిటైరయ్యారు, మీకు తీరికేదీ?

లైఫ్ జాకెట్ కొనండి, పడవలో పెట్టండి, వేసుకోకండి. వేసుకుంటే ఫొటోలో పొట్ట ఎక్కువగా కనిపిస్తుంది.

ఒడ్డు దాటడం ఒక కళ. ఇక్కడ అల తీరం మీదే విరుగుతుంది. అందుకే ఈ తీరంలో తెప్పలు పుట్టాయి. దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టేవాళ్లు. అల మీద పడితే నీళ్లు దుంగల సందుల్లోంచి కిందికి జారిపోతాయి, తోడాల్సిన పనే లేదు. పెద్ద వలలకి వాడే పడవల చెక్కల్ని మేకు అన్నది లేకుండా కొబ్బరితాడుతో కుట్టేవాళ్లు, అల కొట్టినప్పుడు విరగకుండా కొంచెం వంగాలని. ఇప్పుడు ఫైబర్ పడవలు, వాటికి మోటార్లు వచ్చాయి. ఇంత తెలివిని మనం గౌరవించాలిగానీ వాడుకోకూడదు. జాలర్లు పడవ ముక్కుని అలకి ఎదురుగా పెట్టి, అలల మధ్య విరామం కోసం నిలబడి లెక్కపెడతారు. మీరు పడవని అలకి అడ్డంగా పెట్టండి. ఫొటోలో ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది.

బయల్దేరడానికి మంచి వేళ తెల్లవారుజాము. రాత్రంతా నేల చల్లబడి, గాలి ఒడ్డు మీంచి సముద్రం వైపు వీస్తుంటుంది. మీరు చేయాల్సిందేమీ లేదు, తెరచాప ఎత్తితే చాలు, పడవ దానంతటదే పోతుంది. జీవితంలో ఇంత సులువైన పని ఇంకోటి చేసి ఉండరు. కనుక ఇంకాస్త దూరం వెళ్లండి. గడియార స్తంభం కనబడనంత దూరం. పొద్దెక్కాక ఆ గాలి సన్నగిల్లి ఆగిపోతుంది. సముద్రపు గాలి అందుకునేదాకా తెరచాప వేలాడుతూ, ఎండ నెత్తిన పడుతూ, మీరు తెచ్చుకున్న ఒక్క లీటరు నీళ్లు అయిపోతూ ఉంటాయి. జాలర్లు తరతరాలుగా తెల్లవారుజామున ఒక గాలితో వెళ్లి, మధ్యాహ్నం రెండో గాలితో ఒడ్డుకి చేరేవాళ్లు. అది వాళ్ల టైంటేబుల్. మీకు పదకొండింటికల్లా ఇంట్లో టిఫిను సిద్ధంగా ఉంటుందని ఆ గాలికి తెలియజేయాల్సిన బాధ్యత ఎవరిదో వాళ్లే చెప్పాలి.

ఎదురుగాలి వచ్చినప్పుడు ముక్కుసూటిగా పోండి. ఏ తెరచాప పడవైనా గాలికి సూటిగా ఎదురు పోలేదనీ, ఇటు నలభై ఐదు డిగ్రీలు, అటు నలభై ఐదు డిగ్రీలు పక్కకి కొడుతూ వంకరటింకరగా చేరాలనీ, అందువల్ల కిలోమీటరు దూరానికి కిలోమీటరున్నరకి దగ్గరగా తిరగాలనీ పుస్తకాలు చెబుతాయి. జీవితమంతా ఫైళ్లు ఇలాగే నడిపినవాళ్లకి కూడా నీటి మీద ఇది ఎందుకో మింగుడుపడదు. పక్కకి తిరిగిన ప్రతిసారీ తెరచాప అడుగున ఉండే బూమ్ అనే కొయ్య ఈ పక్క నుంచి ఆ పక్కకి ఊగుతుంది, తల వంచమంటారు. ఆత్మాభిమానం ఉన్నవాళ్లు తల వంచరు.

గాలి పెరుగుతున్నట్టు అనిపిస్తే తెరచాప తగ్గించాలా అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన వచ్చిన క్షణమే తగ్గించాల్సిన క్షణమని పడవవాళ్లంటారు. మీరు మాత్రం ఇంకో నలుగురితో ఫోనులో చర్చించండి. పడవ తిరగబడితే దాన్ని వదిలి ఒడ్డుకి ఈదమని (మీకు ఈత రాదుగానీ, మాటవరసకి) మా సలహా. తిరగబడ్డ చిన్న పడవ మామూలుగా తేలుతూనే ఉంటుందనీ, అది దూరానికి కనబడుతుందనీ, నీళ్లలో మనిషి తల కనబడదనీ, అందుకే పడవని పట్టుకునే ఉండాలనీ చెప్పేవాళ్లది ఆస్తి మీద మమకారం తప్ప మరేం కాదు.

ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఒక ముసలాయన ఉంటాడు. మీరు బయల్దేరుతుంటే తలెత్తకుండానే, "కెరటం బాగా నేదు బాబూ, ఇయ్యేల ఎల్లకండి" అంటాడు. ఆయన దగ్గర వాతావరణం యాప్ లేదు. మీ దగ్గర మూడున్నాయి, మూడూ మూడు రకాలుగా చెబుతున్నాయి, అంటే ఒకటైనా మీకు అనుకూలంగా ఉండే ఉంటుంది. ఎండుచేపల అర్జీ ఎవరి గురించి పెట్టారో ఆయనకి తెలుసుగానీ, రేపు మీ పడవకి తాడు కట్టి లాక్కొచ్చేది ఆయన కొడుకే. ఏరు దాటాక బోడి మల్లన్న అన్నారు కాబట్టి, ఒడ్డు చేరగానే డీజిలు ఖర్చు గురించి మాట ఎత్తకుండా కారెక్కెయ్యండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులూ సముద్రం మీద తాడు కట్టేవాడు కూడా దొరకడు. ఏకాంతం కోరేవాళ్లు అప్పుడే వెళ్లాలి.

రెండో ఏడు అమ్మకానికి పెడతారు. ప్రకటనలో "చాలా తక్కువగా వాడినది" అని రాయండి. దానికి రుజువులు అడిగేవాళ్లుండరు. కొనడానికి వచ్చినవాళ్లు బేరమాడతారు. ఊళ్లోవాళ్లయితే పడవ వద్దు, తెరచాప గుడ్డ మాత్రం ఇస్తే చేపలు ఆరేసుకుంటామంటారు. ఎంతిస్తే అంతకి ఇచ్చెయ్యండి.