మోగని రికార్డుల ఆసామి

టోక్యో షింజుకులోని డిస్క్ యూనియన్ దుకాణంలో ఈ ఆసామిని గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. వయసు యాభైకి అటూ ఇటూ. నల్ల టీషర్టు, దాని మీద ఏ భాషవాళ్ళకీ చదవడానికి రాని అక్షరాలు. మెడ ఎప్పుడూ కిందికే. రెండు వేళ్ళు మాత్రం రికార్డు అట్టల మీద టకటకా పరుగెడుతుంటాయి. "ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగి చూడండి. "అబ్బే, ఊరికే" అంటాడు. నిజం చెబితే పక్కవాడు తనకంటే ముందు ఎగరేసుకుపోతాడని భయం.

వెతికేది జపాన్ హార్డ్‌కోర్ పంక్, దాని అన్నదమ్ముడైన థ్రాష్. 1980ల తొలినాళ్ళలో ఇంగ్లండు నుంచి డిశ్చార్జ్ లాంటి బృందాల రికార్డులు వచ్చిపడ్డాయి. టోక్యో, ఒసాకా, ఫుకుఓకా కుర్రాళ్ళు వాటిని విని, ఇంత మెల్లగా వాయిస్తే ఎట్లా అనుకున్నట్టున్నారు. వేగం పెంచారు, మోత పెంచారు. యుద్ధాన్నీ అణుబాంబునీ ప్రభుత్వాన్నీ కలిపి తిట్టారు. చిన్న చిన్న లేబుళ్ళు కొద్దికొద్దిగా ప్రతులు వేసి ఊరుకున్నాయి. పాట నిడివి చాలాసార్లు నిమిషం, రెండు నిమిషాలు. దాని కోసం ఈయన తిరిగేది ఇరవై ఏళ్ళు.

రికార్డు దొరికిందంటే పని అయిపోయినట్టు కాదు. ఒబీ ఉందా? అట్టకు ఎడమ పక్కన చుట్టే కాగితపు పట్టీ అది. పేరు, నంబరు, ధర దాని మీదే ఉంటాయి. కొన్న కుర్రాడు ఆనాడే చించి పారేసి ఉంటాడు, ఎందుకంటే వాడు కొన్నది పాటలు వినడానికి. మన ఆసామి లెక్క వేరు. పెళ్ళినాటి పట్టుచీర ధర చీటీతో సహా బీరువాలో ఉండాలన్నట్టు, పట్టీ లేని రికార్డును ఆయన రికార్డుగానే ఒప్పుకోడు. ఆ తర్వాత భూతద్దం తీస్తాడు. పాటలు అయిపోయాక లేబుల్ దగ్గర ఖాళీగా ఉండే అంచు మీద గీసిన అక్షరాలు చదువుతాడు. తొలి ప్రెస్సింగా, దొంగ ముద్రణా అన్నది అక్కడే తేలుతుంది.

సోనోషీటు కథ ఇంకా సున్నితం. ఫుకుఓకా ప్రాంతపు కన్‌ఫ్యూజ్ బృందం 1984లో "న్యూక్లియర్ ఎడిక్ట్స్" తెచ్చింది సోనోషీటు అనే ఈ వంగే ప్లాస్టిక్ రేకు మీదే. అప్పట్లో అది చవక సరుకు. తిరిగేటప్పుడు జారిపోకుండా మీద చిల్లర నాణెం పెట్టి వాయించేవాళ్ళు. మోగించినకొద్దీ అరిగిపోతుంది. కాబట్టి ఈయన మోగించడు. ప్రపంచం అణ్వస్త్రాలతో తగలబడిపోతోందని గొంతు చించుకున్న ఆ రేకును, కిటికీలోంచి ఎండ తగలకుండా కాపాడటమే ఆయన జీవితధ్యేయం.

గాజ్ అని టోక్యో బృందం ఒకటుంది. పేరేమో పుండుకు కట్టే గుడ్డది, వాళ్ళు జరిపిన కచేరీల పరంపర పేరేమో క్రిమిసంహారం. ఆసుపత్రి యావ ఎక్కువన్నమాట. వాళ్ళ "ఈక్వలైజింగ్ డిస్టార్ట్" 1986లో సెల్ఫిష్ రికార్డ్స్ నుంచి వచ్చింది. ఒసాకా బృందం ఎస్.ఓ.బి. రికార్డులు, డెత్ సైడ్ రికార్డులు వేసింది కూడా ఆ లేబులే. స్వార్థం అని పేరు పెట్టుకున్నప్పుడు వాళ్ళకి మన ఆసామి ముందే కనబడ్డాడేమో.

ఇక జి.ఐ.ఎస్.ఎం. ఆ నాలుగక్షరాలకు అర్థం బృందమే రకరకాలుగా చెప్పింది. సకెవి బొంగురు గర్జన పంకు. రాండీ ఉచిదా గిటారు అచ్చమైన హెవీ మెటల్. దీన్ని ఏ అరలో పెట్టాలి? పంక్ అరలో పెడితే మెటల్ మిత్రుడు అలుగుతాడు, మెటల్ అరలో పెడితే పంక్ మిత్రుడు మాట్లాడ్డు. ఈ తగువు మూడు బీర్ల దాకా సాగుతుంది. నిజానికి ఆనాటి బృందాలకి ఈ పట్టింపు అంతగా లేదు. మెటాలికా టీషర్టుల మీద పుర్రెలు గీసిన పస్‌హెడ్, 1987లో తన పస్‌మార్ట్ లేబుల్ మీద గాజ్, లిప్ క్రీమ్, ఔటో, సిస్టమాటిక్ డెత్‌లను ఒక్క రికార్డులో చేర్చి అమెరికాలో విడుదల చేశాడు. దానికి పెట్టిన పేరు "థ్రాష్ టిల్ డెత్". పేరులో థ్రాష్ ఉన్నా, నాలుగూ హార్డ్‌కోర్ బృందాలే.

ఆ జి.ఐ.ఎస్.ఎం. వాళ్ళ 1983 నాటి "డిటెస్టేషన్" తొలి ప్రతి ఈయన దగ్గర ఉంది. దాన్ని కొన్న ఏడాది ఇంట్లో కొత్త ఫ్రిజ్ రాలేదు. 2020లో రిలాప్స్ అనే అమెరికా లేబుల్ అదే రికార్డును అధికారికంగా మళ్ళీ వేసింది. లోకంలో చాలామంది సంబరపడ్డారు. ఈయన ఇంట్లో మాత్రం ఆ పూట భోజనాలు ఆలస్యం. "అందరికీ అందాలనే కదా వాళ్ళు పాడింది?" అని భార్య అడిగింది. "అందరికీ అంటే... అందరికీ కాదు" అన్నాడు.

ఎగతాళి ఎంతైనా చేయొచ్చు గానీ, ఈ జాతి మనిషి లేకపోతే మరిచిపోయేవాళ్ళం అనిపించే పేర్లూ ఉన్నాయి. షికోకు దీవిలోని కోచి పట్నంలో కూర్చుని, డిశ్చార్జ్ శబ్దాన్నే జీవితాంతం ఉపాసించిన డిస్‌క్లోజ్ బృందపు కవకామి 2007లో పోయాడు. ఆయన ఏ రికార్డులో ఏ మోత ఎట్లా తెచ్చాడో పూస గుచ్చినట్టు చెప్పగలిగేది ఇలాంటివాళ్ళే. అడిగితే చెబుతారు. అడగకపోయినా చెబుతారు.

ఇంటికొచ్చిన స్నేహితుడు ఆ గోడంత అర చూసి, "ఏదీ, ఒకటి పెట్టండి, విందాం" అన్నాడు. జూన్ నెల, వానలకాలం. "ఇవాళ గాలిలో తేమ ఎక్కువండీ, తీస్తే బూజు పడుతుంది" అన్నాడు ఆసామి. డిసెంబరులో మళ్ళీ అడిగితే, గాలి మరీ పొడిగా ఉందన్నాడు. చివరికి ఫోన్లో వినిపించాడు, అదీ పొరుగువాళ్ళకి ఇబ్బంది అని సౌండు తగ్గించి.

ఈ సంగీతం వినాలనిపిస్తే "డిటెస్టేషన్" 2020 ప్రతి తెచ్చుకోండి. పట్టీ చించినా, ఎండలో పెట్టినా, పైవాటావాళ్ళు వచ్చి తలుపు బాదేదాకా మోగించినా అడిగేవాడు లేడు. ఈయన ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం దాన్ని సంచీలోంచి బయటికి తీయకండి.