కొమ్ముకాసిరి ఇల్లు వెతుక్కుంటోంది

నన్ను కొమ్ముకాసిరి అంటారు. నల్లమలలో పుట్టాను. రెండడుగుల పొడవు, బూడిదరంగు ఒళ్ళు, వంపు తిరిగిన ముక్కు, దాని మీద చిన్న కొమ్ము. మా ఆయన కొమ్ము నాకంటే పెద్దది, గర్వమూ అంతే. ఈ ముక్కు మోయడానికే కాబోలు, మెడలో మొదటి రెండు ఎముకలు అతుక్కుపోయి ఉంటాయి. పక్షులన్నిటిలో ఇది మా వంశానికే ఉంది. 1786లో ఇటలీలోని పావియా ప్రొఫెసరు స్కోపోలీ మా జాతిని పుస్తకానికెక్కించాడు. దానివల్ల నాకు ఒక్క పండైనా ఎక్కువ దొరకలేదనుకోండి.

మా అడవిని చీల్చుకుపోయే కృష్ణే మీ బెజవాడ చేరి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగి, కాలువల్లోకి మళ్ళి 13 లక్షల ఎకరాలు తడుపుతుంది. అంత పచ్చటి చోటికి కాపురానికి రావేం అని అడగొచ్చు. తిండికి లోటుండదు, నిజమే. గుడి దగ్గర రావి, ఊరి చివర మర్రి, గట్టున మేడి, పెరట్లో వేప. మీ పిల్లల్ని దగ్గరికి పోనివ్వని పచ్చగన్నేరు కాయ కూడా నాకు పండే. నాలుక పొట్టిది కాబట్టి ముక్కు కొసన పట్టిన పండును ఎగరేసి గొంతులో వేసుకుంటాను. గింజలు ఇంకెక్కడో కక్కుతాను. మొలిస్తే ఆ తోట నాదే. తొండలు, పురుగులు కూడా వదలను. శాకాహారినని ఎక్కడా చెప్పుకోలేదు.

నాకు కావలసింది తొర్ర. ముక్కు ఇంత ఉన్నా, వడ్రంగి పిట్టలా మాను తొలిచే సత్తా దానికి లేదు. ముసలి చెట్టుకు కొమ్మ విరగాలి, విరిగిన చోట పుచ్చాలి, లోపల డొల్ల పడాలి.

అలాంటిది దొరికితే ఎండలు ముదిరేసరికి లోపల దూరుతాను. మా ఆయన మట్టి ఉండలు తెచ్చిస్తాడు. వాటికి నా రెట్ట కలిపి ద్వారం మూసేస్తాను. హుండీ మూతిలా నిలువుగా ఒక్క సందు మిగులుతుంది. పాము వచ్చినా లోపలికి రాలేదు, నేనూ బయటికి పోలేను. పోయినా ఎగరలేను, పెద్ద ఈకలన్నీ అక్కడే రాల్చేస్తాను. మూడో నాలుగో తెల్లటి గుడ్లు. రోహిణి కార్తెలో మీరు ఫ్యాన్ల కింద వేగిపోతుంటే నేను ఆ చీకట్లో పిల్లల్ని సాకుతుంటాను. మా ఆయన గొంతు నిండా పళ్ళు నింపుకొచ్చి ఒక్కొక్కటే పైకి తెచ్చి సందులోంచి అందిస్తాడు. ఆయన్ని ఎవడైనా ఉండేలుతో కొడితే లోపలి సంసారం సంగతి చెప్పక్కర్లేదు. రెట్ట మాత్రం సందులోంచి బయటికే చిమ్ముతాం. ఇల్లు ఇరుకైనా శుభ్రం మాకు ముఖ్యం. పిల్లలకు ఈకలు వచ్చేసరికి నాకూ కొత్తవి వస్తాయి. అప్పుడు గోడ పగలగొడతాను.

ఇప్పుడు డెల్టా చూడండి. 1855లో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయ్యాక అక్కడ నేలంతా వరికి చేరింది. మిగిలిన పెద్ద మానుల్లో ఎన్ని 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో కూలాయో! మనుషులే వేలల్లో పోయిన ఆ రాత్రి చెట్ల లెక్క ఎవరు రాస్తారు? ఆ తర్వాత నాటినవి సరుగుడు, కొబ్బరి. తొర్రపడిన చింత కనిపిస్తే ఇక పనికిరాదని కొట్టేస్తారు. నాకు పనికొచ్చేది సరిగ్గా అప్పుడే.

ఊళ్ళంటే భయమా అంటే, కాదు. ఢిల్లీలో మోటార్ల రొద మధ్య, రోడ్ల పక్కన పాత చెట్లలో మా వాళ్ళు పిల్లల్ని కంటున్నారు. ఆంధ్రకు రామచిలుక, తెలంగాణకు పాలపిట్ట రాష్ట్ర పక్షులు. ఆ రెండూ తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. వాటికి మోడైన తాడిచెట్టు చాలు, నా ఒళ్ళు అందులో పట్టదు. మా వంశంలోదే అయిన పెద్ద హార్న్‌బిల్ కేరళకు రాష్ట్ర పక్షి; అరుణాచల్‌లోని పక్కే అడవిలో దాని గూళ్ళకు నిషీ తెగవాళ్ళు కాపలా కాస్తున్నారు. నాకు కాపలా అక్కర్లేదు, గొడ్డలి కాస్త ఆలస్యంగా వస్తే చాలు.

చైత్రం వచ్చింది. మా ఆయన రోజూ తొర్రలు చూపిస్తున్నాడు. మొదటిదాంట్లో తేనెటీగలు. రెండోదాంట్లో చిలకలు, పోట్లాటకు సిద్ధంగా. మూడోది ఖాళీయే కానీ మూతి మరీ వెడల్పు, చాలా మట్టి పడుతుంది. మోయాల్సింది ఆయనే కాబట్టి నేను సరేనన్నాను.