పాత టర్బో కారు ఆత్మకథ

సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ 1992 చివర్లో జపాన్ రోడ్లెక్కిన మోడల్. ర్యాలీ పందేలకు పనికొచ్చే టర్బో ఇంజిన్‌ను, నాలుగు చక్రాలకూ శక్తి అందే అమరికను ఇంటిల్లిపాదీ కూర్చునే సెడాన్‌లో పెట్టడం దీని ప్రత్యేకత. 1995లో కాలిన్ మెక్‌రే, 2001లో రిచర్డ్ బర్న్స్ ప్రపంచ ర్యాలీ చాంపియన్లయింది ఇంప్రెజా నడిపే. అమెరికాలో డబ్ల్యూఆర్‌ఎక్స్ అమ్మకాలు 2002 మోడల్‌తో మొదలయ్యాయి. ఈ ఆత్మకథ ఆ తొలి విడత కారుది. కింద ‘ఈ కారు’ అన్నచోటల్లా కథ చెప్పేదీ అదే, కథలో ఉన్నదీ అదే.

పుట్టుక, నిర్మాణం

ఈ కారు జపాన్‌లోని గున్మా ప్రాంతంలో, ఓటా పట్టణపు ఫ్యాక్టరీలో తయారైంది. ఛాసిస్ నంబరులో మొదటి అక్షరం ‘జె’ జపాన్‌కు గుర్తు, పదో స్థానంలోని ‘2’ మోడల్ సంవత్సరానికి గుర్తు. ముందు దీపాలు గుండ్రంగా ఉండటంతో అభిమానులు ఈ విడత కార్లకు ‘బగ్ ఐ’ అని పేరు పెట్టారు.

బానెట్ కింద ఉన్నది రెండు లీటర్ల బాక్సర్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు నిలువుగా కాకుండా రెండేసి చొప్పున అటూ ఇటూ పడుకుని ఉంటాయి. శక్తి 227 హార్స్‌పవర్. అదే ఏడాది టర్బో లేని ఇంప్రెజాలో ఇంతకంటే పెద్దదైన రెండున్నర లీటర్ల ఇంజిన్ ఇచ్చింది 165 హార్స్‌పవరే. చిన్న ఇంజిన్‌కు ఆ అదనపు బలం టర్బోచార్జర్ వల్ల వచ్చింది. ఈ కారును కొనాలన్న కోరికకూ, దాని మీద కలిగే అనుమానానికీ మూలం ఆ ఒక్క భాగమే.

టర్బో పని, దానికి పడే భారం

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడి పెంచి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఒత్తిడికి వేడెక్కిన గాలిని మధ్యలో ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది. ఈ కారు బానెట్ మీద తెరుచుకుని ఉన్న గాలి తూము దాని కోసమే. ఒత్తిడి హద్దు దాటకుండా వేస్ట్‌గేట్ అనే తలుపు కొంత పొగను పక్కదారి పట్టిస్తుంది.

ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పెట్రోలు ఇంజిన్లలో దాన్ని తాకే పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. అంత వేగంలోనూ ఇరుసు లోహానికి రాసుకోకుండా పలచని ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆయిల్ పాతబడితే, మట్టం తగ్గితే, సన్నని ఆయిల్ దారి పూడితే మొదట దెబ్బతినేది ఆ పొరే. గట్టిగా తోలి వెంటనే ఇంజిన్ ఆపేస్తే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, టర్బోలో మిగిలిన ఆయిల్ ఆ వేడికి మాడి పెచ్చు కడుతుంది. ఈ కారు టర్బోకు ఆయిల్‌తో పాటు కూలెంట్ కూడా అందుతుంది కాబట్టి ఆ ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అందువల్ల టర్బో కారు విషయంలో ‘ఎంత తిరిగింది’ అన్నది సగం ప్రశ్నే. ఏ ఆయిల్‌తో, ఎంత వేడిలో, ఎవరి కాలి కింద తిరిగింది అన్నది మిగతా సగం.

మొదటి యజమాని

ఈ కారు మొదటి ఇల్లు కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్. ఆ నగరం సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ గాలి పలచన కాబట్టి టర్బో లేని ఇంజిన్లు బలం కోల్పోతాయి. టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటులో చాలా భాగం పూడుస్తుంది. మొదటి యజమాని దీన్ని రోజూ హైవే మీద ఆఫీసుకు నడిపాడు. సమవేగంతో సాగే హైవే ప్రయాణంలో ఇంజిన్‌కు తక్కువ గాలి చాలు. టర్బో తిరుగుతున్నా ఒత్తిడి దాదాపు పుట్టదు. గేర్లు మార్చే పని, క్లచ్ తొక్కే పని తక్కువ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి నడుస్తుంది కాబట్టి ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోతుంది. ఆయన చేతిలో ఈ కారు 90 వేల మైళ్లు తిరిగింది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ బిల్లు దాచాడు.

రెండో యజమాని

రెండో యజమాని కుర్రవాడు. కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించి టర్బో ఒత్తిడి పెంచాడు, సైలెన్సర్ మార్చాడు. సిగ్నళ్ల దగ్గర ఇంజిన్‌ను రొద పెట్టించి క్లచ్ ఒక్కసారిగా వదిలేవాడు. నాలుగు చక్రాలూ నేలను పట్టుకునే కారులో టైర్లు జారవు. ఆ కుదుపంతా క్లచ్ ప్లేట్ల మీద, ఐదు గేర్ల పెట్టె మీద పడుతుంది. అతని చేతిలో తిరిగింది 35 వేల మైళ్లే అయినా, అంతకు ముందు తిరిగిన 90 వేల కంటే ఎక్కువ అరుగుదల అప్పుడే జరిగింది. అమ్మే ముందు అతను పాత సైలెన్సర్ తిరిగి బిగించాడు. బిల్లులు మాత్రం ఇవ్వలేకపోయాడు.

కొనేవాడి పరీక్ష

మీటరు లక్షా పాతిక వేల మైళ్లు, అంటే రెండు లక్షల కిలోమీటర్లు చూపిస్తున్నప్పుడు టెక్సస్‌లోని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగు యువకుడొకడు ఈ కారును చూడడానికి వచ్చాడు. చదువుకునే రోజుల్లో కొన్న పాత కరోలా అతని దగ్గర ఉంది. అదే ధరకు 70 వేల మైళ్లే తిరిగిన మరో డబ్ల్యూఆర్‌ఎక్స్ కూడా అతని పరిశీలనలో ఉంది.

మొదటి పరీక్ష మీటరుకే. అమెరికా సమాఖ్య నిబంధన ప్రకారం 2010, అంతకు ముందు మోడళ్లకు పదేళ్లు నిండితే, అమ్మేవాడు మీటరు అంకెను రాసి ధ్రువీకరించనక్కర్లేదు. కాబట్టి ఈ వయసు కారులో మీటరు అంకెను సర్వీసు బిల్లుల మీది అంకెలతో తేదీల వారీగా పోల్చి చూస్తేనే నమ్మకం.

రెండోది చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి చూడడం. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే పొగ, చప్పుడు దాగిపోతాయి. నీలి పొగ వస్తే ఎక్కడో ఆయిల్ మండుతున్నట్టు: టర్బో సీళ్లు కావచ్చు, పిస్టన్ రింగులు కావచ్చు. తగ్గని తెల్లపొగ, తరిగే కూలెంట్ హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం కలిగిస్తాయి.

మూడోది టర్బో. గాలి గొట్టం విప్పి ఇరుసును వేలితో కదిపితే పక్కలకు కొద్దిపాటి ఆట ఉండవచ్చు. ముందుకూ వెనక్కూ కదలడం తెలిసిందంటే బేరింగ్ అరిగినట్టే. రెక్కల అంచులు విరగకుండా ఉండాలి. అమెరికాకు వచ్చిన ఈ మోడల్‌లో టర్బోకు ముందున్న పొగ గొట్టంలో ఒక చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. వయసు మీద పడి దాని ముక్కలు ఊడితే నేరుగా టర్బో రెక్కలకే తగులుతాయి.

నాలుగోది కంప్రెషన్ పరీక్ష. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే బేరం అక్కడితో ఆపడం మంచిది. ఐదోది టైర్లు. నాలుగూ ఒకే రకంగా, ఒకే మేర అరిగి ఉండాలి. వాటి చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం మించితే మధ్యనున్న డిఫరెన్షియల్ నిత్యం శ్రమపడి పాడవుతుంది.

ఈ కారులో కంప్రెషన్ సమంగా వచ్చింది, టర్బో ఇరుసు బాగుంది. క్లచ్ మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడు జారింది. టైమింగ్ బెల్టు మార్చాల్సిన గడువు 1,05,000 మైళ్లు. అది రెండో యజమాని కాలంలో దాటిపోయింది, మార్చినట్టు కాగితం లేదు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి వంచేస్తాయి. బిల్లు లేని పని జరగని పని కిందే లెక్క. 70 వేల మైళ్ల కారులో రంగు మెరుస్తున్నా ఒక సిలిండర్ కంప్రెషన్ పడిపోయింది, పెద్ద టర్బో బిగించి తీసిన ఆనవాళ్లు కనిపించాయి. ఈ కారుకు కావలసినవి ముందే ఖర్చు తెలిసిన మరమ్మతులు. ఆ కారుకు ఇంజిన్ విప్పే దాకా ఖర్చు తేలదు.

ధర తేల్చిన తీరు

బెల్టు, దానితో పాటు పుల్లీలు, టెన్షనర్, వాటర్ పంపు, క్లచ్ సెట్టు, అన్నిటి కూలీ కలిపి మెకానిక్ ఒక అంచనా రాసిచ్చాడు. అడిగిన ధరలోంచి ఆ మొత్తం తగ్గించి బేరం కుదిరింది. ఇవి కాక నడిపే ఖర్చులు వేరు. కరోలా మామూలు పెట్రోలుతో నడుస్తుంది, ఈ కారుకు ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం కావాలి. తక్కువ రకం పోస్తే ఒత్తిడి కింద పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని పిస్టన్లను దెబ్బతీస్తుంది. టర్బో కారుకు, అందులోనూ వయసులో చిన్నవాడికి, బీమా ప్రీమియం ఎక్కువ. కారు వారం రోజులు షెడ్డులో ఉంటే ఆఫీసుకు వెళ్లే దారి కూడా ముందే చూసుకోవాలి. అందుకే ఆ యువకుడు కరోలాను వెంటనే అమ్మలేదు.

కొన్నాక మొదట టైమింగ్ బెల్టు, తర్వాత క్లచ్ మారాయి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి పడ్డాయి. పెంచిన ఒత్తిడి తీసేసి కంప్యూటర్‌లో కంపెనీ ప్రోగ్రామ్ తిరిగి ఎక్కించారు. మార్చిన ప్రతి భాగం బిల్లు మీదా తేదీ, మీటరు అంకె రాసి ఫైల్లో పెట్టారు. లక్ష మైళ్లు దాటిన టర్బో కారుకు తర్వాతి బేరంలో ధర పలికించేది ఆ ఫైలే.